మాయనుండి వచ్చిన మందు

బిడ్డలు లేనిచో మన వారు స్త్రీనే గొడ్రాలనిరి. అండము పక్వమగుట యెట్లో, విడుదలయగుట యెట్లో తెలియని కాలమున పుట్టిన మాట అది. తెలియజెప్పిన చరిత్రలో గర్భిణుల మూత్రమునకు పెద్ద స్థానమున్నది.

1927 ప్రాంతమున బెర్లిన్ నగరపు షారిటే వైద్యశాలలో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ జోండెక్ అను వైద్యులు ఆ మూత్రమును ఇంకను ఎదగని ఆడ చిట్టెలుకలకు సూదిద్వారా ఎక్కించిరి. నాలుగైదు దినములలో వాని అండాశయములు పక్వమయ్యెను. గర్భనిర్ధారణకు తొలి నమ్మకమైన పరీక్ష ఇదియే. ఎలుకను కోసిచూడనిదే, పాపము, ఫలితము తెలిసెడిది కాదు. 1933లో నాజీలు అధికారమునకు రాగా యూదులైన ఈ ఇరువురును దేశము విడువవలసివచ్చెను. జోండెక్ జెరూసలేమునకు, ఆష్‌హైమ్ పారిస్‌కు చేరిరి.

ఈ హార్మోను పీయూషగ్రంథిలో పుట్టునని వారు తలచిరి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున జార్జియానా సీగర్ అను యువ వైద్యురాలు, తోటివారితో కలిసి, మాయకణములను గాజుపాత్రలో పెంచి, దానిని తయారుచేయునది మాయయేనని 1938లో ప్రకటించెను. హెచ్.సి.జి. అని వైద్యులు పిలుచునది ఇదియే.

పీయూషగ్రంథినుండి వచ్చు హార్మోనులలో ఒకటి అండమును పండించును. మరియొకటి విడుదల చేయును. హెచ్.సి.జి. ఈ రెండవదానిని ఎంతగా పోలియున్నదనగా, అండాశయము భేదము గుర్తింపజాలదు. పండిన అండము ఈ సూదిమందు ఇచ్చిన సుమారు 36 గంటలకు వెలువడును. కాని పండని కాయ కొమ్మను ఊపినంతనే రాలునా? పండించు మందు వేరుగ కావలసియుండెను. ముట్లుడిగిన స్త్రీల మూత్రములో అది సమృద్ధిగ నుండును. ఇటలీలో పియరో డోనీని దానిని శుద్ధిచేసెను. అందుకు కావలసిన మూత్రము సన్యాసినుల మఠములనుండి వచ్చెను! ఇజ్రాయెల్‌లో బ్రూనో లూనెన్‌ఫెల్డ్ ముందుగ ఆ మందును, పిదప హెచ్.సి.జి.ని ఇచ్చి చికిత్స చేయగా 1962లో ఒక ఆడశిశువు జన్మించెను. ఎన్నడును తల్లులు కాని వారును, కాబోవు తల్లులును కలిసి ఇచ్చిన బిడ్డ యని మేము తలంతుము.

ఈ చికిత్సలో అపాయము లేకపోలేదు. కవలలు, ముగ్గురు కలుగుటయు, అండాశయములు మితిమీరి ఉబ్బుటయు కలదు. పీయూషగ్రంథి పనిచేయని పురుషులలోను హెచ్.సి.జి. వృషణములచే పురుషహార్మోనును పుట్టించును. బరువు తగ్గించునని 1954లో మొదలైన ప్రచారము మాత్రము పరీక్షలకు నిలువలేదు.

జార్జియానా సీగర్, వివాహానంతరము జార్జియానా జోన్స్, వృద్ధాప్యమున భర్త హోవర్డ్‌తో కలిసి వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో సంతానచికిత్సాలయము నెలకొల్పెను. పండించుటకు ఒక మందు, విడుదలకు తాను మాయలో గుర్తించిన హార్మోను వాడి, 1981 డిసెంబరు 28న అమెరికా తొలి నాళికాశిశువు పుట్టుకను ఆమె చూచెను.