పెక్వే వాగు దగ్గర హెర్ కుటుంబం

అమెరికా పుట్టుక అనగానే మనకు పాఠ్యపుస్తకాల్లోని మేఫ్లవర్ ఓడ, బోస్టన్ టీ పార్టీ గుర్తొస్తాయి. ఆ కథంతా ఇంగ్లిషువాళ్ళదే. నేనుండే పెన్సిల్వేనియాలో మాత్రం లాంకస్టర్ కౌంటీ వైపు వెళితే హెర్, హెర్షీ, మిల్లర్, బౌమన్ లాంటి ఇంటిపేర్లు అడుగడుగునా తగులుతాయి. ఈ కుటుంబాల్లో చాలామంది పూర్వీకులు స్విట్జర్లాండ్ రైతులు. వాళ్ళు కేవలం పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు కారు, మొదట సొంత ప్రభుత్వం తరిమేసినవాళ్ళు. వాళ్ళలో హెర్ కుటుంబం కథ తెలిస్తే ఈ దేశం ఎలా నిండిందో చాలావరకు తెలిసినట్టే.

1525లో జ్యూరిక్‌లో కొందరు క్రైస్తవులు, పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, ఊహ తెలిశాక మనిషి తానుగా కోరి తీసుకోవాలి అన్నారు. ఇవాళ వింటే ఇందులో అంత నేరం ఏముందనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో చర్చి, ప్రభుత్వం ఒకటే. పుట్టిన ప్రతి బిడ్డా చర్చిలో చేరితేనే రాజ్యంలో చేరినట్టు. పైగా వీళ్ళు ప్రమాణం చెయ్యం, ఆయుధం పట్టం అన్నారు. అది రాజద్రోహం కిందకు వచ్చింది. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి చేతులు కట్టి లిమ్మట్ నదిలో ముంచి చంపారు. బెర్న్ పాలకులు వీళ్ళను పట్టుకోవడానికి ప్రత్యేకంగా మనుషుల్నే పెట్టారు. దొరికినవాళ్ళలో కొందరిని ఓడల్లో తెడ్లు వేసే బానిసలుగా పంపేశారు.

వీళ్ళకే తర్వాత మెనోనైట్లు అన్న పేరు స్థిరపడింది. మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతం వాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. అక్కడి మెనోనైట్ బ్రదరెన్ చర్చిలు రష్యా మీదుగా అమెరికా చేరిన మరో శాఖవి. అయినా రెండు శాఖల మూలాలూ 16వ శతాబ్దపు ఆ ఉద్యమంలోనే ఉన్నాయి.

హాన్స్ హెర్ 1639లో జ్యూరిక్ ప్రాంతంలో పుట్టాడు. ముప్పై ఏళ్ళ యుద్ధంలో మనుషులే మిగలని జర్మనీ పాలటినేట్‌కు అప్పుడు రైతులు కావాలి. అందుకని అక్కడి పాలకుడు 1664లో మెనోనైట్లను రానిచ్చాడు. ఉండనిచ్చాడు గానీ షరతులు పెట్టాడు: అదనపు పన్ను కట్టాలి, ప్రార్థనకు ఇరవై మందికి మించి చేరకూడదు, మతం ప్రచారం చెయ్యకూడదు. 1671లో బెర్న్ వెళ్ళగొట్టినవాళ్ళు దాదాపు 700 మంది అక్కడికే చేరారు. కాస్త నిలదొక్కుకున్నారో లేదో, 1689లో ఫ్రెంచి సైన్యం వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది. 1709 చలికి ద్రాక్షతోటలు గడ్డకట్టి చచ్చిపోయాయి. ఇక అక్కడ ఉండి చేసేదేమీ లేకపోయింది.

అలా పాలటినేట్‌లో ఉన్న హెర్, కెండిగ్, మిల్లర్, మైలిన్ కుటుంబాలవాళ్ళు అక్కడి నుంచి లండన్ చేరారు. 1710 జూన్‌లో ఓడ ఎక్కబోయే ముందు, దారిఖర్చుకు సాయపడిన ఆమ్‌స్టర్‌డామ్ మెనోనైట్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాశారు. దాని మీద ఆరుగురి పేర్లున్నాయి. సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో దిగారు. అక్టోబరు 10న పెన్సిల్వేనియా వలసరాజ్య యజమాని విలియం పెన్ అధికారుల నుంచి పెక్వే వాగు దగ్గర 10,000 ఎకరాలకు అనుమతి పొందారు. ధర 500 పౌండ్లు. మతం పేరు చెప్పి వేధించనని మాట ఇచ్చి జనాన్ని పిలుస్తున్నవాడు అప్పట్లో పెన్. అతనికీ భూమి అమ్ముడుపోవాలిగా.

1719లో హాన్స్ కొడుకు క్రిస్టియన్ కట్టిన ఇల్లు ఇవాళ్టికీ విల్లో స్ట్రీట్ అనే ఊళ్ళో నిలబడి ఉంది. కౌంటీలో మిగిలిన ఇళ్ళన్నిటిలోకీ అదే పాతది. ఇసుకరాతి గోడలు, చిన్న కిటికీలు, బాగా ఏటవాలుగా దిగే పైకప్పు. గుమ్మం పైనున్న రాతి మీద సంవత్సరాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో యజమాని పేరులోని అక్షరాలు చెక్కారు. లోపల నడిమధ్యన పెద్ద పొగగొట్టం. ఒక పక్క వంటిల్లు. మరో పక్క ఇనప పలకల పొయ్యి ఉన్న గది. ఆ పొయ్యిలో కట్టెలు వెయ్యడం వంటింటి వైపు నుంచే, కాబట్టి ఈ గదిలోకి పొగ రాదు. పైన అటక మీద ధాన్యం దాచేవారు. ఆదివారం పొయ్యి ఉన్న గదిలోనే ప్రార్థన. ఇరవై మంది షరతు కింద బతికినవాళ్ళు తలుపు తీసి పెట్టి ఎంతమందినైనా కూర్చోబెట్టుకోగలిగిన గది అది. అక్కడ నిలబడినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

భూమి దొరికినా దాని మీద పూర్తి హక్కు దొరకలేదు. ఇంగ్లిషు చట్టం ప్రకారం పరాయి దేశస్థుడి భూమి వారసులకు చెల్లదు. లాంకస్టర్ స్విస్, జర్మన్ రైతులను పౌరులుగా గుర్తించే చట్టం 1729లో గానీ రాలేదు. హాన్స్ హెర్ 1725లోనే పోయాడు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకు, సొంతమనుకున్నది చెల్లకుండా పోతుందేమోనన్న ఆ భయం ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే ఆ భూమి అంతకుముందు ఎవరిది? ససక్వెహానాక్ జాతిలో మిగిలిన కోనెస్టోగా జనం అక్కడే ఉండేవారు. 1701లో పెన్ వాళ్ళతో స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. వలస రైతులు పెరిగేకొద్దీ వాళ్ళు కుంచించుకుపోయారు. 1763 నాటికి వాళ్ళ పల్లెలో 20 మంది మిగిలారు. ఆ డిసెంబరు 14న పాక్స్‌టన్ ప్రాంతపు సాయుధ మూక ఆ పల్లె మీద పడి ఆరుగురిని చంపింది. ప్రాణం దక్కించుకున్న పద్నాలుగురిని రక్షణ కోసమని లాంకస్టర్‌లో బందోబస్తు ఉన్న భవనంలో పెట్టారు. 27న మూక అక్కడికీ వచ్చి, పిల్లలతో సహా అందరినీ నరికింది. కాలిపోయిన పల్లెలో దొరికిన సంచిలో ఆ 1701 ఒప్పందం కాగితం భద్రంగా ఉంది. హంతకుల్లో ఒక్కడికీ శిక్ష పడలేదు.

ఆ మూకలో ఉన్నది ఎక్కువగా స్కాట్స్-ఐరిష్ వలసదారులు. మెనోనైట్లు కత్తి పట్టలేదు. పైగా మైకేల్, మేరీ అనే కోనెస్టోగా దంపతులను క్రిస్టియన్ హెర్షీ అనే మెనోనైట్ రైతు తన పొలంలో ఉంచుకుని కాపాడాడు. వాళ్ళు అక్కడే బతికి, అక్కడే మట్టిలో కలిశారు. అది నిజంగా గొప్ప మనసు. కానీ ఆ పొలమే కోనెస్టోగాల నేల అన్నదీ అంతే నిజం. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని దాచినా హెర్ కుటుంబం కథ సగమే చెప్పినట్టు.

ఈ మాట అక్కడి మెనోనైట్లకూ తెలుసు. 2013లో హెర్ ఇంటి ఆవరణలోనే, ఆ ప్రాంతపు ఆదివాసులు ఒకప్పుడు కట్టుకున్న పొడవాటి ఇంటి నమూనాను నిలబెట్టారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆమిష్ మతశాఖవాళ్ళ గుర్రపు బళ్ళు చూపించడానికని మనవాళ్ళు లాంకస్టర్ తీసుకెళుతుంటారు. అక్కడి నుంచి కొన్ని మైళ్ళు పోతే విల్లో స్ట్రీట్. రాతి ఇల్లు చూశాక పక్కనున్న పొడవాటి ఇంట్లోకి కూడా వెళ్ళండి, అక్కడ ఉన్నవాళ్ళను కోనెస్టోగాల గురించి అడగండి.