సైలెన్సర్ మోత మోటారు సైకిల్ నడిపేవారిని కాపాడుతుందా?

జంషెడ్‌పూర్‌లో షిఫ్టు మారే వేళ సాక్చీ, బిష్టుపూర్ రోడ్లపై మోటారు సైకిళ్ళు బారులు తీరుతాయి. వాటిలో ఒకటి రెండు బళ్ళ మోత మిగిలిన అన్నిటినీ మించి వినవస్తుంది. తయారీదారు అమర్చిన సైలెన్సర్‌ను తీసివేసి, బజారులో దొరికే గొట్టాన్ని బిగించుకొన్న బళ్ళవి. సరదా మాట అటుంచితే, ఇందుకు ఒక సమర్థన తరచు వినిపిస్తుంది. లారీలు తిరిగే ఊళ్ళో మోత వింటేనే ఎదుటివారు జాగ్రత్తపడతారని, శబ్దమే తమకు రక్ష అని దాని సారాంశం.

ఈ వాదం నిలుస్తుందో లేదో తేలాలంటే ప్రమాదం ఏ దిక్కునుంచి వస్తుందో ముందుగా చూడాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 900 మోటారు సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించింది. 1981లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం, నాలుగింట మూడు వంతులకు పైగా ప్రమాదాలలో ముప్పు బండికి ఎదుటి దిశలోనే, ఇరువైపులా 45 డిగ్రీల లోపలే ఉంది. మరో వాహనంతో ఢీకొన్న సందర్భాలలో మూడింట రెండు వంతుల తప్పు ఆ రెండో వాహనానిదే. దాని చోదకుడు మోటారు సైకిల్‌ను గమనించలేదు, లేదా గమనించేసరికి ఆలస్యమైంది.

పొగగొట్టం మూతి ఉండేది వెనుకవైపు. ధ్వని అన్ని దిక్కులకూ పాకుతుందన్న మాట నిజమే కాని, అది గట్టిగా చేరేది దాటిపోయిన వీధికే.

ఇక దూరం సంగతి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 7.5 మీటర్ల దూరాన 100 డెసిబెల్స్ మోగే బండి 60 మీటర్ల దూరాన 82కు దిగుతుంది. మూసిన కారు అద్దాలు మరో 20 వరకు హరిస్తాయి. మిగిలిన 62 కారు లోపలి ఇంజిన్ చప్పుడులో, ఏసీ హోరులో, పాటలో కలిసిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 60 మీటర్లను నాలుగు సెకన్లలోపే దాటుతుంది. పారడీ, డిమ్నా కూడళ్ళ మీదుగా సాగే జాతీయ రహదారిపై ఉక్కు మోసే లారీ చోదకుని పరిస్థితి మరీ కష్టం. అతడు తన ఇంజిన్ పక్కనే కూర్చుని ఉంటాడు.

పక్క వరుసలో నెమ్మదిగా సాగే కారు హఠాత్తుగా ఇటు మళ్ళబోయినప్పుడు మోత పనికి రావచ్చు. ఆ పనికి హారన్ ఉంది, పైగా అది ముందువైపే మోగుతుంది. మరొక నష్టమూ ఉంది. సొంత బండి మోతలో వెనుకనుంచి వచ్చే లారీ హారన్ నడిపేవారికే వినబడదు.

కంటికి కనబడటం వేరు. మలేసియా 1992లో పగలు కూడా హెడ్‌లైట్ వెలిగించి నడపడం తప్పనిసరి చేసిన తరువాత, కనబడకపోవడంతో ముడిపడిన మోటారు సైకిల్ ప్రమాదాలు సుమారు 29 శాతం తగ్గినట్లు అధ్యయనం తేల్చింది. భారతదేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్‌తోపాటు దీపమూ వెలుగుతుంది. 2022లో దేశ రహదారులపై మరణించిన 1,68,491 మందిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది. ఖరీదైన గొట్టానికి పెట్టే డబ్బుతో మంచి హెల్మెట్ వస్తుందని ఇక్కడ గుర్తుచేయక తప్పదు.

చట్టం విషయంలో సందిగ్ధం లేదు. 175 సీసీకి మించిన మోటారు సైకిల్ తయారీ దశలో 80 డెసిబెల్స్ దాటరాదు. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలపాటు లైసెన్సు అర్హతా పోతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. వాటి లెక్కలో రాత్రి పది గంటలకు మొదలై ఉదయం ఆరింటికి ముగుస్తుంది. కద్మా, సోనారీ క్వార్టర్లలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకొనే కార్మికునికి నిద్రవేళ అప్పుడే మొదలవుతుంది.