దూలాబ్ నుండి ఇన్సులిన్ దాకా: మధుమేహ వైద్య చరిత్రలో కొన్ని ఘట్టాలు

నేడు మన ఇళ్ళలో 'షుగర్' అని పిలువబడుతున్న వ్యాధిని యూనానీ హకీములు 'జియాబెతుస్' అంటారు. ఇది గ్రీకు పదం. అరబ్బు వైద్యులు దీనికి మరొక పేరు కూడ పెట్టారు. అది 'దూలాబ్', అనగా బావి నుండి నీరు తోడిపోసే చక్రం. రోగి ఎంత నీరు త్రాగుతాడో అంతా వెంటనే మూత్రంగా వెళ్ళిపోతుంది, మళ్ళీ దాహం వేస్తుంది. ఈ తిరుగుడును చూచే వారు ఆ పేరు పెట్టారు. ఈ ఒక్క పదం వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. అది మన పూర్వికుల గొప్పతనాన్నే గాక, వారి పరిమితులను కూడ మనకు తెలుపుతుంది.

బాగ్దాదులో కలిసిన రెండు ప్రవాహాలు

ఈ వ్యాధికి సంబంధించిన ప్రాచీన విజ్ఞానం రెండు దారుల వెంట నడిచింది. గ్రీకు వైద్యుడు గాలెన్ దీనిని మూత్రపిండాల బలహీనతగా భావించాడు. తాను చూచిన రోగులు ఇద్దరేనని కూడ వ్రాశాడు. భారతదేశంలో చరక, సుశ్రుతులు మూత్రం తేనెవలె తియ్యగా ఉండడాన్ని గమనించి 'మధుమేహం' అని పేరు పెట్టారు. పుట్టుకతో వచ్చేది ఒకటి, ఆహార విహారాల దోషం వల్ల వచ్చేది మరొకటి అని సుశ్రుతుడు విభజించాడు.

అబ్బాసీయుల కాలంలో ఈ రెండు ప్రవాహాలూ బాగ్దాదు చేరాయి. వజీరు యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ ఆదేశంపై మన్కహ్ అనే భారతీయ వైద్యుడు సుశ్రుత గ్రంథాన్ని అరబీలో వివరించినట్లు ఇబ్నె నదీమ్ తన 'ఫెహ్రిస్త్'లో పేర్కొన్నాడు. అబూ బక్ర్ రాజీ (మరణం 925) తన 'అల్ హావీ'లో గ్రీకు, భారతీయ, అరబ్బు వైద్యుల అభిప్రాయాలను ఒకచోట కూర్చి, వాటి ప్రక్కన తన అనుభవాన్ని కూడ వ్రాసుకున్నాడు. ఈ మహాగ్రంథాన్ని 1955 నుండి సంపుటాలుగా అచ్చు వేసిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థదే. ఈ సంగతి తెలుగు ముస్లిములలో ఎందరికి తెలుసు?

ఇబ్నె సీనా, అబ్దుల్ లతీఫ్

ఇబ్నె సీనా (980–1037) 'అల్ ఖానూన్'లో ఈ వ్యాధి లక్షణాలను వివరించి, దూలాబ్ మొదలైన అరబీ పేర్లన్నీ తెలియజేశాడు. అయితే వ్యాధికి మూలం మూత్రపిండాల వేడిమియే అన్న గాలెన్ సంప్రదాయాన్ని ఆయన దాటలేదు. అందుచేత చికిత్సలో చలువ చేసే పదార్థాలకే ప్రాధాన్యం లభించింది.

బాగ్దాదు నివాసి అబ్దుల్ లతీఫ్ (1162–1231) ఈ ఒక్క వ్యాధిపైననే ప్రత్యేకంగా ఒక రిసాలా రచించాడు. ఈయన స్వభావాన్ని తెలిపే సంఘటన ఒకటి ఉన్నది. క్రింది దవడ రెండు ఎముకలతో ఏర్పడినదని గాలెన్ వ్రాశాడు. ఈజిప్టులో కరువు కాలంలో మరణించినవారి అస్థిపంజరాలను అబ్దుల్ లతీఫ్ స్వయంగా పరిశీలించి, అది ఒకే ఎముక అని నిర్ధారించాడు. గాలెన్ ఎంత గొప్పవాడైనా కంటికి కనబడిన సాక్ష్యమే బలమైనదని ఆయన స్పష్టం చేశాడు. పూర్వికుల నుండి మనం వారసత్వంగా స్వీకరించవలసినది ముఖ్యంగా ఈ దృష్టినే.

క్లోమం వైపు మళ్ళిన చూపు

1776లో మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రంలో చక్కెర ఉన్నదని రుజువు చేశాడు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్‌లు ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. శతాబ్దాలుగా మూత్రపిండాలపై పడిన నేరం అప్పుడు క్లోమానికి మారింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు మాక్లియోడ్ ప్రయోగశాలలో క్లోమ రసాన్ని వేరుచేశారు, కాలిప్ దానిని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో పదునాలుగేళ్ళ బాలునికి ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ సరిగా పనిచేయలేదు. కొద్ది రోజులకు, శుద్ధి చేసిన మందు ఇచ్చిన తరువాత, అతడు తేరుకున్నాడు. అంతకు ముందు అటువంటి పిల్లలకు మరణం తప్ప వేరు గతి ఉండేది కాదు. ఈ మందు పేటెంటును కనుగొన్నవారు టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక డాలరుకే ఇచ్చివేశారు.

అయితే మూత్రపిండాల కథ అంతటితో ముగియలేదు. ఆపిల్ చెట్టు బెరడు నుండి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపుతుందని ఫాన్ మేరింగే 1886లో చూపాడు. ఆ సూత్రంపైననే తయారైన కొత్త మందులలో ఒకటి, ఎంపాగ్లిఫ్లోజిన్, గుండె జబ్బు ఉన్న మధుమేహ రోగులలో మరణాలను తగ్గిస్తున్నట్లు 2015లో వెల్లడైంది.

నివారణ సాధ్యమే

ఇటీవలి పరిశోధనలలో మనకు అత్యంత ముఖ్యమైనవి నివారణకు సంబంధించినవి. 2002లో అమెరికాలో 3234 మందిపై జరిగిన అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. బరువులో నూటికి 7 వంతులు తగ్గించి, వారానికి 150 నిమిషాలు నడక వంటి శ్రమ చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో వ్యాధి సోకే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవారిలో 31 శాతమే తగ్గింది. మన పొరుగున చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలో జీవన విధానపు మార్పు 28.5 శాతం, మాత్ర 26.4 శాతం మేలు చేశాయి. మన దేశపు శరీర తత్వానికి కూడ నివారణ సాధ్యమేనని దీనివలన తేలింది.

ఇది చిన్న విషయం కాదు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహ రోగులు సుమారు 10 కోట్ల 10 లక్షలు. వ్యాధి అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలు.

రమజాన్: రుఖ్సత్ విలువ

13 దేశాలలో పన్నెండు వేలకు పైగా ముస్లిం రోగులపై జరిగిన ఎపిడియార్ అధ్యయనం 2004లో వెలువడింది. రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం పదిహేను రోజులు రోజాలు పాటించారు. రమజాన్‌లో వారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు ఇతర నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగాయి. మొదటి రకం వారిలో ఈ పెరుగుదల నాలుగు రెట్లకు పైన.

అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తునికి మినహాయింపునిచ్చాయి. ఆ రుఖ్సత్ కూడ అల్లాహ్ అనుగ్రహమే. దానిని వినియోగించుకోవడం ఈమాన్‌లో లోపమని భావించడం సరికాదు. రోజా వలన హాని ఉన్నదని సమర్థుడైన వైద్యుడు చెబితే ఆ మాటకు ఫిఖ్‌హ్‌లో విలువ ఉన్నది. అలాగని షుగర్ ఉన్న ప్రతివారూ రోజా మానవలసిన పని లేదు. రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుని సంప్రదించి మందుల మోతాదు, వేళలు సరిచేసుకోవాలి. పగటిపూట పరీక్షించుకోవాలి. వ్రేలి నుండి రక్తపు బొట్టు తీసినంత మాత్రాన రోజా భంగం కాదు. చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శక సూత్రాలు చెబుతున్నాయి.

ఈ సందర్భంలో మరొక మాట. పూర్వికుల పేరు చెప్పి, ఏదో చూర్ణం ఇచ్చి ఇన్సులిన్ మాన్పించేవారు అక్కడక్కడ ఉన్నారు. ఇన్సులిన్‌పై పూర్తిగా ఆధారపడిన రోగి దానిని ఆపితే కొద్ది రోజులలోనే ప్రాణం పోవచ్చు. అటువంటివారు ఇబ్నె సీనా వారసులు కాజాలరు. ఎంతటి గ్రంథకర్త మాటనైనా ప్రత్యక్ష సాక్ష్యంతో సరిచూచుకున్న అబ్దుల్ లతీఫ్ మార్గమే నిజమైన తిబ్బీ వారసత్వం. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాని రక్షణకు లభించిన జ్ఞానం ఏ దేశంలో పుట్టినా దానిని స్వీకరించడమే బాగ్దాదు మనకు నేర్పిన పాఠం.