ప్రాణహిత తీరమున దసిలిపట్టు: ఒక గృహవృత్తి చరిత్ర

సిరొంచా చెంత ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి గట్టున కాళేశ్వర క్షేత్రమును, దానికి దిగువ మహాదేవపురమును గలవు. రెండు తీరముల అడవులందును మద్దిచెట్లు విస్తారము. మద్దియాకు మేసి పెరుగు పురుగు కట్టుకొను గూడే దసిలికాయ.

ఈ వృత్తి చరిత్ర ఒకచోట లభింపకపోవుటకు సరిహద్దులే ప్రధాన కారణము. 1860 నాటి సంధి వలన గోదావరి యెడమగట్టు తాలూకాలు నిజామునుండి ఆంగ్లేయుల వశమైనవి. సిరొంచా అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 1874లో ఆ జిల్లా రద్దు కాగా సిరొంచా చాందా జిల్లాలో చేరినది. అది 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును, 1982లో నూతనముగా నేర్పడిన గడ్చిరోలి జిల్లాకును చెందినది. కుడిగట్టు నిజాము రాజ్యమునందుండి, 1956లో ఆంధ్రప్రదేశమునందును, 2014లో తెలంగాణమునందును చేరినది. తుదకు పురుగునకు సైతము పట్టుశాస్త్రజ్ఞులు ఒకవైపు 'భండారా', మరొకవైపు 'ఆంధ్ర లోకల్' అని వేర్వేరు జాతినామము లొసగిరి.

పని మాత్రము ఇరుగట్టుల నొక్కటే. పురుగులను పెంచువారు వానిని చెట్లపై వదలి, కాకులు, చీమలు, కందిరీగలు హరింపకుండ పగలెల్ల కావలి కాయుదురు. గడ్చిరోలి జిల్లాలోని ఆర్మోరి ప్రాంతమున ధీవరులు ఈ వృత్తియందు ప్రసిద్ధులు. కాయ మిక్కిలి గట్టిది. క్షారజలమున నుడికించిన గాని పోగు ఊడిరాదు.

ఆపై స్త్రీల పని. దసిలి వృత్తి గల సీమలందు స్త్రీలు ఇంటి పంచలో కూర్చుండి, నాలుగైదు కాయల పోగులను చేర్చి, తొడపై నులిమి దారము తీయుట పూర్వాచారము. వంటకును, బిడ్డల పోషణకును నడుమ దొరకిన వేళలందే ఈ పని సాగెడిది. తొడచర్మము ఒరసి పుండ్లు పడెడిది. 2010 తరువాతి దశకమున కేంద్ర పట్టుమండలి 'బునియాద్' యను చిన్న యంత్రమును ప్రవేశపెట్టుట ఈ బాధను తొలగించుటకే. అది మెచ్చదగిన కార్యము.

అయినను చీరకు నిలిచిన పేరు నేతగాని యూరిది. అడవిలో కావలి కాచినవారి పేరు గాని, దారము తీసిన యిల్లాలి పేరు గాని దానిలో లేదు. తొడపై దారము తీయుట అంతరించిన పిదప ఆ పనికి సంబంధించిన తెలుగు మాటలును వృద్ధురాండ్రతోనే పోగలవు. సిరొంచా పాఠశాలలలోని తెలుగు బాలబాలికలు తమ అవ్వలనడిగి ఆ మాటలను వ్రాసియుంచినచో, ఇరుగట్టుల చరిత్రను తిరిగి యేకము చేయుటకు అది ప్రథమసాధనము కాగలదు.