దాడి ఎప్పుడు మొదలైనట్టు?

మేడారం జాతరలో చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు బయల్దేరేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతారు. కప్పం కట్టక రాజుసైన్యంతో పోరాడి నేలకొరిగిన కుటుంబానికి ఈనాటి రాజ్యం చేసే వందనమది. 1996 నుంచి మేడారం జాతర రాష్ట్ర పండుగ కూడా. సమ్మక్కను నిర్దోషిగా అందరం ఒప్పుకున్నాం. ఆమెను నిర్దోషిని చేసిన ధర్మాన్ని మన శిక్షాస్మృతి ఏనాడైనా ఒప్పుకుందా?

కోయల కథ ప్రకారం కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో కరువొచ్చింది. మేడారం ఏలే పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. సైన్యం దిగింది. పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు చనిపోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడు. పగిడిద్దరాజు భార్య సమ్మక్కను వెనకనుంచి పొడిచారు. కథ చెప్పేవాళ్లు కరువుతో మొదలుపెడతారు, యుద్ధం తర్వాత వస్తుంది. ఎండిన చేను చూసి కూడా కప్పం అడిగిన రోజే దాడి మొదలైందన్నది ఆ కథలోని తీర్పు.

కాకతీయులకు ఈ న్యాయం తెలియనిదేం కాదు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారని చెప్పి, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని మాటిచ్చాడు. సముద్ర వర్తకుడికి దొరికిన ఆ అభయం, కథను నమ్మితే, అడవిదాకా రాలేదు. ఆ శతాబ్దంలోనే కవి కేతన ధర్మశాస్త్ర వ్యాఖ్య అయిన మితాక్షరను తెలుగులోకి తెచ్చాడు. ధర్మశాస్త్రాల లెక్కలో ఇల్లు తగలబెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధమెత్తినవాడు, ధనాన్నీ పొలాన్నీ భార్యనూ అపహరించేవాడు ఆతతాయిలు. అలాంటివాణ్ణి చంపినా దోషం అంటదని మనువు మాట. పొలం అపహరించేది రాజే అయితే ఏం చేయాలో ఆ జాబితా చెప్పదు.

మెకాలే 1837లో ముసాయిదా రాసిన శిక్షాస్మృతి 1860లో చట్టమైంది. 96 నుంచి 106 వరకు సెక్షన్లు ఆత్మరక్షణకే. ప్రాణాపాయం తప్పదన్న సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాణ్ణి చంపినా నేరం కాదు. హక్కు మితిమీరినా, సదుద్దేశంతో చేసిందైతే హత్య కింద లెక్కించకుండా తక్కువ నేరంగా చూస్తారు. మనిషి భయాన్ని ఇంత దయగా అర్థం చేసుకున్న చట్టం 99వ సెక్షన్ దగ్గర మొహం మార్చుకుంటుంది. అధికారి సదుద్దేశంతో చేసిన పని పూర్తిగా చట్టబద్ధం కాకపోయినా, చావో తీవ్రగాయమో తప్పదనిపిస్తే తప్ప ఎదిరించే హక్కు లేదు. 2024 జులై 1న శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ నియమం 37వ సెక్షన్‌గా అలాగే నిలిచింది.

మన్యం తిరుగుబాట్ల వెనక ఉన్నవీ ఇలాంటివే: 1879లో రంపలో కల్లు మీద చిగురుపన్ను, 1922లో అల్లూరి సీతారామరాజు కాలానికి పోడుపై ఆంక్షలు, వెట్టిచాకిరి. ఒక్కరోజులో మనిషిని చంపనివి, తరంలో చంపేవి. చట్టం చూసేది కత్తి లేచిన క్షణాన్ని. ఆకలికి అలాంటి క్షణం ఉండదు.

అలాగని ప్రతి దెబ్బనూ ఆత్మరక్షణ అనలేను. తన చేను ఆక్రమించిన సిద్దిఖీని గోండు వీరుడు కొమురం భీం కొట్టాడనీ, అతను చనిపోతే అస్సాం వెళ్లిపోయాడనీ అంటారు. పంట కోసం ప్రాణం తీయడాన్ని చట్టం చాలా కొద్ది సందర్భాల్లోనే ఒప్పుతుంది. ఆ హద్దు సరైనదేనని నా నమ్మకం. 1940లో జోడేఘాట్‌లో భీం నిజాం బలగాల తూటాలకు చనిపోయాకే గోండుల భూమిగోడు అధ్యయనం చేయడానికి మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ వచ్చాడు. విచారణ ముందు జరిగి ఉంటే భీం బతికేవాడేమో.

ఆత్మరక్షణ వాదాన్ని తెలుగునేల మీద అన్నిటికంటే ఎక్కువగా వాడుకున్నది పోలీసులే. ‘ఎదురుకాల్పులు’ అన్నమాట పత్రికల్లో నలిగిపోయింది. ఆ వాదాన్ని ఎవరైనా కోర్టులోనే నిరూపించుకోవాలని కన్నబిరాన్ వంటి పౌరహక్కుల వకీళ్లు దశాబ్దాలు పోరాడారు. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వాళ్ల మాటే ఒప్పింది. ఆ తీర్పు సుప్రీంకోర్టులో ఆగిపోయింది. 2019లో నిందితులను పోలీసులు కాల్చి చంపిన చటాన్‌పల్లి ఘటన మీద సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు కాల్చింది ఆత్మరక్షణకు కాదని తేల్చి, పదిమందిపై హత్య విచారణ జరపాలంది.

2017 సెప్టెంబర్‌లో మేడారం ఉన్న తాడ్వాయి మండలంలోనే, జలగలంచలో, అటవీ సిబ్బంది గుత్తికోయల ఇళ్లు కూల్చారు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో, పోడుగొడవలో ఒక అటవీ రేంజ్ అధికారిని గుత్తికోయలు నరికి చంపారు. ఆయన ఉద్యోగం చేస్తున్న మనిషి. ఆ హత్యను ఏ కొలతా ఆత్మరక్షణగా నిలబెట్టలేదు, నరికిన చేతులదే ఆ దోషం. కానీ 2006లోనే అటవీ హక్కుల చట్టం తెచ్చుకుని, పదహారేళ్లు హద్దులు తేల్చకుండా, నిరాయుధుడైన ఉద్యోగినీ ఆకలిగొన్న రైతునూ ఒకే చెలకలో ఎదురెదురుగా నిలబెట్టిన రాజ్యానికి ఆ దోషంలో వాటా లేదా? మరుసటి జూన్‌లో ప్రభుత్వం లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పోడుపట్టాలు ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చారన్న కారణంతో గుత్తికోయలను పక్కనపెట్టింది. వాళ్లు దున్నే నేల కాగితాల్లో ఆక్రమణే.