కారుకి చిన్న దెబ్బ: మన ఇన్సూరెన్స్ దాకా వెళ్లకుండా తేల్చుకోవాలంటే

పోయిన వేసవిలో ఫ్రీమాంట్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఒక కారు వెనక నుంచి వచ్చి మా కారుని గుద్దింది. స్పీడు తక్కువే. వెనక సీట్లో అమ్మానాన్న ఉన్నారు, ఇండియా నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. దిగి చూస్తే బంపర్ మీద జానెడు గీత, అంతే. గుద్దినావిడ వణికిపోతోంది. "ఇన్సూరెన్స్‌కి చెప్పొద్దు, 400 డాలర్లు ఇప్పుడే పంపేస్తాను, ఇంతటితో అయిపోయిందని ఒక కాగితం రాసుకుందాం" అంది. "పోనీలేరా, పాపం భయపడిపోయింది, తీసుకుని పోదాం పద" అంది అమ్మ.

నేనూ దాదాపు ఒప్పుకున్నాను. వెనకున్న కార్లు హారన్లు కొట్టబట్టి, ఫోటోలు తీసుకుని, రేపు మాట్లాడదామని వచ్చేశాను.

మర్నాడు పొద్దున అమ్మ మెడ తిప్పలేకపోయింది. రెండు రోజుల తర్వాత బాడీ షాపులో బంపర్ ఊడదీస్తే లోపల సెన్సర్ పగిలింది, దాని వెనకున్న బార్ వంగింది. ఎస్టిమేట్ 2,300 డాలర్లు. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే కారు సంగతి 400తో ముగిసిపోయేది.

ఆ తర్వాత నేను తెలుసుకున్నవి కాలిఫోర్నియా రూల్స్ ప్రకారం రాస్తున్నాను. న్యూజెర్సీ, న్యూయార్క్, ఫ్లోరిడా, మిచిగన్ లాంటి నో-ఫాల్ట్ రాష్ట్రాల్లో వైద్య ఖర్చులు ముందు మన పాలసీ మీదే పడతాయి కాబట్టి అక్కడి లెక్క వేరు.

తప్పు ఎదుటివాళ్లదైతే

మన కంపెనీ ద్వారా వెళ్లకుండా నేరుగా వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీకే ఫోన్ చేసి క్లెయిమ్ వేయొచ్చు. దీన్నే థర్డ్ పార్టీ క్లెయిమ్ అంటారు. ఇందులో మన డిడక్టిబుల్ ఉండదు. రిపేరు జరిగినన్నాళ్లు అద్దె కారు ఖర్చు కూడా అడగొచ్చు. ఏ షాపులో చేయించుకోవాలన్నది మన ఇష్టం, ఫలానా షాపుకే వెళ్లాలని కంపెనీ బలవంతపెట్టకూడదు. క్లెయిమ్ అందిందని 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆధారాలన్నీ ఇచ్చాక ఒప్పుకునేదీ లేనిదీ 40 రోజుల్లో చెప్పాలి. ఆలస్యమైతే రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

ఒక హద్దు గుర్తుపెట్టుకోండి. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ప్రతి పాలసీలో ఉండాల్సిన కనీస మొత్తం 5,000 డాలర్లు ఉండేది. 2025 జనవరి 1 నుంచి దాన్ని 15,000 చేశారు. కొత్త కార్లకి అది కూడా చాలకపోవచ్చు.

మనవాళ్లలో చాలామంది "మన కంపెనీకి చెప్తే ప్రీమియం పెరుగుతుంది" అని భయపడతారు. కాలిఫోర్నియాలో తప్పు ప్రధానంగా మనది కాకపోతే ఆ యాక్సిడెంట్ పేరుతో ప్రీమియం పెంచకూడదు. కాబట్టి ఎదుటి కంపెనీ తిప్పించుకుంటుంటే మన కంపెనీకి వెళ్లడానికి వెనకాడక్కర్లేదు.

తప్పు మనదైతే

పార్కింగ్‌లో ఎవరి కారుకో గీత పెట్టాం, లోపల ఎవరూ లేరు, ఖర్చు మన డిడక్టిబుల్ చుట్టుపక్కలే. ఇలాంటప్పుడు చేతి డబ్బుతో తేల్చుకోవడం సబబే. కానీ అక్కడికక్కడ ఇవ్వకండి. షాపులో రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకోమనండి. డబ్బు చెక్కుగా ఇవ్వండి లేదా నేరుగా షాపుకే కట్టండి. తేదీ, స్థలం, రెండు కార్ల నంబర్లు, మొత్తం రాసి, ఈ నష్టానికి ఇక బాకీ లేదని సంతకం తీసుకోండి.

అలాగే మీ పాలసీ ఒకసారి చదవండి. యాక్సిడెంట్ జరిగితే తెలియజేయాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. చెప్పకుండా ఊరుకుని, ఆరు నెలలకి ఎదుటివాళ్లు కేసు వేస్తే కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉంది. లీజు కారైతే లీజు కాగితం కూడా చూసుకోండి.

ఇద్దరూ ఒప్పుకున్నా తప్పనివి

ఎవరి కారుకైనా 1,000 డాలర్లు మించి నష్టం జరిగినా, ఎవరికైనా చిన్న గాయమైనా, 10 రోజుల్లో డీఎంవీకి ఎస్ఆర్-1 ఫారం పంపాలి. తప్పు ఎవరిదైనా, ప్రైవేటు పార్కింగ్‌లో జరిగినా ఇద్దరూ పంపాల్సిందే. పంపకపోతే లైసెన్స్ సస్పెండ్ కావచ్చు. గాయమైతే 24 గంటల్లో పోలీసులకి కూడా తెలియజేయాలి. గాయం ఉన్నచోట చేతి డబ్బు ఒప్పందం అసలు వద్దు. "అన్ని క్లెయిములూ ముగిశాయి" అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెడితే, తర్వాత నొప్పి బయటపడినా అడగడం కష్టం.

తొందర కూడా లేదు. కాలిఫోర్నియాలో కారు నష్టానికి 3 ఏళ్లు, గాయాలకి 2 ఏళ్ల దాకా దావా వేయొచ్చు. 12,500 డాలర్ల లోపు అయితే లాయర్ లేకుండా స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో మనమే వేసుకోవచ్చు.

మా సంగతి

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, పోలీసులకి చెప్పడం ఆ రోజే చేశాం. ఆవిడ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆవిడ ఇన్సూరెన్స్ కార్డు, లైసెన్స్, నంబర్ ప్లేట్ ఫోటోలు నా దగ్గర ఉండబట్టి సరిపోయింది. వాళ్ల కంపెనీ కారు రిపేరుకి, వారం అద్దె కారుకి డబ్బిచ్చింది. అమ్మ క్లెయిమ్ వేరుగా నడిచింది, డాక్టర్ బిల్లులు దాంట్లో వచ్చాయి. మెడ నొప్పి మూడు వారాలకి తగ్గింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పాను: దెబ్బ ఎంత చిన్నదైనా రోడ్డు మీద ఫోటోలే తీసుకోవాలి, డబ్బు మాట బంపర్ ఊడదీశాకే.