తలలు లెక్కపెట్టే ఖజానా

ఇంగ్లండ్‌లో డబ్బు చాలడం లేదని కానిస్టేబుల్‌ను ఇంటికి పంపడానికి వీల్లేదు. తప్పు చేస్తే తీసేయవచ్చు, ఆరోగ్యం చెడితే పింఛనిచ్చి పంపవచ్చు. ‘నీ కొలువు ఇక అక్కర్లేదు’ అని మాత్రం అనకూడదు. చట్టం దృష్టిలో అతను ఉద్యోగి కాదు, రాజు పేరిట ప్రమాణం చేసి పదవి చేపట్టినవాడు. మనవాళ్లు పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అందరినీ వణికించే ‘రిడండెన్సీ’ అతన్ని ముట్టుకోదు. 2010 తర్వాత ఇక్కడి పోలీసు శాఖ ఎందుకిలా తయారైందో తెలియాలంటే ముందు ఈ నియమం తెలియాలి.

మనకు పోలీసు అంటే రాష్ట్ర ప్రభుత్వం. డీజీపీ నుంచి హోంగార్డు దాకా ఖర్చంతా ఒకే ఖజానా భరిస్తుంది. ఆ పద్ధతి ఇంగ్లండ్ నుంచి వచ్చిందనుకుంటాం గానీ దాని పుట్టిల్లు ఐర్లండ్. 1859లో మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తా, సీమ జిల్లాలకు, ఆ తర్వాత 1861లో బ్రిటిష్ ఇండియాకు చేసిన పోలీసు చట్టాల వెనుక ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ నమూనా ఉంది. అందులో పగ్గాలు పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంటాయి. సొంతగడ్డ మీద మాత్రం ఆంగ్లేయులు పోలీసును ఊరి పన్నుకు కట్టేశారు.

1829లో రాబర్ట్ పీల్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసును పెట్టినప్పుడు ఆ ఖర్చు పారిష్‌ల నెత్తిన పడింది. ఇంటి విలువలో పౌండుకు ఎనిమిది పెన్నీల దాకా పోలీసు పన్ను వసూలు చేయవచ్చన్నారు. మా మీద కాపలాకు మా డబ్బేనా అని జనం గగ్గోలు పెట్టారు. కానిస్టేబుల్ జీతాన్ని పీల్ కావాలనే తక్కువగా, వారానికి ఒక గినీ దగ్గర ఉంచాడు. దాని ఫలితం త్వరగానే కనిపించింది. ఒకటో నంబరు ఇచ్చి చేర్చుకున్న కానిస్టేబుల్‌ను తాగి ఉన్నాడని మొదటిరోజే తీసేశారు. మొదటి కొన్నేళ్లలో చేరినవాళ్లలో చాలామంది నిలవలేదు. చవకగా మనుషుల్ని తెచ్చుకుంటే వచ్చే తంటా అప్పుడే తెలిసినా, ఆ పాఠం ఎవరికీ ఎక్కువకాలం గుర్తుండలేదు.

అసలు మలుపు 1856లో వచ్చింది. ప్రతి కౌంటీ, ప్రతి పట్టణం పోలీసును పెట్టుకుని తీరాలని చట్టం చేశారు. ఊళ్లు మొరాయిస్తాయని తెలిసి ఖజానా ఒక ఎర వేసింది: ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసి బాగుందంటే జీతాల్లో, దుస్తుల ఖర్చులో నాలుగో వంతు కేంద్రమే ఇస్తుంది. 1874లో అది సగమైంది. బాగుందని తేల్చడానికి చూసేవి రెండు, సంఖ్య, క్రమశిక్షణ. డబ్బిచ్చేవాడు తలలు లెక్కపెట్టడం అప్పటినుంచే మొదలైంది. నా దృష్టిలో ఈ దేశపు పోలీసు చరిత్ర మొత్తంలో పీల్ కంటే ఆ నాలుగో వంతు గ్రాంటే ముఖ్యం.

పొదుపు గీత దాటితే ఏమవుతుందో 1918, 1919ల్లో చూశారు. యుద్ధకాలపు ధరల ముందు కానిస్టేబుల్ జీతం కూలివాడి సంపాదనకూ సరితూగని రోజులవి. 1918 ఆగస్టులో లండన్ పోలీసులే సమ్మె కట్టారు. మరుసటి ఏడాది సమ్మెకు లివర్‌పూల్‌లో సగం ఫోర్సు దిగింది. దుకాణాలు లూటీ అయ్యాయి, సైన్యం దిగింది, మెర్సీ నదిలోకి యుద్ధనౌక వచ్చింది. ఆ రెండో సమ్మె చేసినవాళ్లెవరినీ తిరిగి తీసుకోలేదు. యూనియన్‌ను నిషేధించి, దాని బదులు పోలీస్ ఫెడరేషన్‌ను పెట్టి, డెస్‌బరో కమిటీ సిఫారసుతో జీతాలు బాగా పెంచారు. 1979లో మార్గరెట్ థాచర్ గద్దెనెక్కీ ఎక్కగానే పోలీసు జీతాల పెంపును పూర్తిగా అమలు చేసిందంటే ఆ జ్ఞాపకం కొంత పనిచేసే ఉంటుంది. చాలా శాఖలకు కోత పెట్టిన మనిషి పోలీసు జోలికి మాత్రం పోలేదు.

ఆ పని చేసింది ఆమె పార్టీ వారసులే. బ్యాంకుల సంక్షోభం తర్వాత 2010 అక్టోబరులో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బర్న్, పోలీసుకు కేంద్రం ఇచ్చే సొమ్మును ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే నాలుగేళ్లలో 20 శాతం తగ్గిస్తామన్నాడు. హోం మంత్రి థెరిసా మే సరేనంది. పోలీసు ఖర్చులో సింహభాగం జీతాలే. కానిస్టేబుల్‌ను తీయకూడదు. మరి కోత ఎక్కడ?

మొదట సివిలియన్ సిబ్బంది మీద పడింది. ఫోన్ ఎత్తేవాళ్లు, వేలిముద్రలు చూసేవాళ్లు, కేసు కాగితాలు సిద్ధం చేసేవాళ్లు మామూలు ఉద్యోగులే కాబట్టి వాళ్లను పంపేయవచ్చు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 2010లో 80,000 దగ్గర ఉన్నవాళ్లు 2017 నాటికి దాదాపు 18,000 తగ్గారు. వీధుల్లో తిరిగి జనంతో మాట్లాడే కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు 17,000 దాకా ఉండేవాళ్లు, ఇప్పుడు సగం కూడా లేరు. పోలీసు విషయంలో రెండు దారులు వెతికారు. ఒకటి, కొత్త భర్తీ ఆపేయడం. రెండోది, 30 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లను పాత పింఛను నిబంధన కింద బలవంతంగా రిటైర్ చేయడం. అలా వెళ్లినవాళ్లు కోర్టుకెక్కారు. కోర్టు చివరికి అది చెల్లుతుందంది. కొత్తవాళ్ల జీతం ఏటా సుమారు 23,000 పౌండ్లుండేది, 2013లో 19,000కు దిగింది. లండన్‌లో న్యూ స్కాట్లండ్ యార్డ్ భవనాన్నే 2014లో 37 కోట్ల పౌండ్లకు అబుదాబి కంపెనీకి అమ్మేశారు. 2010లో 1,44,000 దగ్గరున్న పోలీసుల సంఖ్య 2017 నాటికి 1,22,000 దగ్గరికి పడిపోయింది.

కోత అన్నిచోట్లా సమానంగా పడలేదు. నేనుండే రెడింగ్‌లో ఏటా వచ్చే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లులో థేమ్స్ వ్యాలీ పోలీసుకు ఎంతో వేరే వరస ఉంటుంది. కలిగినవాళ్ల ఇళ్లు ఎక్కువున్న సర్రీ లాంటి చోట ఆ వరసే ఫోర్సు ఖర్చులో సగం దాకా మోస్తుంది. న్యూకాజిల్ ఉన్న నార్తంబ్రియా కేంద్రం గ్రాంటు మీదే బతుకుతుంది. గ్రాంటు కోస్తే ఎవరికి నొప్పి? 2010 నుంచి 2015 దాకా సర్రీ ఆదాయం 12 శాతం తగ్గితే, నార్తంబ్రియాకు 23 శాతం తగ్గిందని ఇక్కడి ఆడిట్ సంస్థ లెక్కతేల్చింది. నేరం ఎక్కువున్న పేద జిల్లాకే పెద్ద కోత పడింది.

పన్ను పెంచుకోవచ్చు కదా అంటారేమో. పరిమితి దాటి పెంచాలంటే జనం ఓటు వేయాలి. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఎన్నికైన పోలీస్ కమిషనర్ 2015 మే నెలలో ఆ సాహసం చేశాడు. వంద మంది అదనపు పోలీసుల కోసం పోలీసు పన్ను 15.8 శాతం పెంచుతానని రెఫరెండం పెట్టాడు. పెరిగిన మొత్తంతో బిల్లులు అప్పటికే ఇళ్లకు చేరాయి. దాదాపు 70 శాతం మంది వద్దన్నారు. బిల్లులు మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. మన ఊళ్లో స్టేషన్ ఎత్తేస్తామంటే ధర్నాకు కూర్చునేవాళ్లు, దాని పేరిట పన్ను వేస్తే ఏం చేస్తారో ఊహించుకోండి.

ఆ నెలలోనే థెరిసా మే పోలీస్ ఫెడరేషన్ సభలో, మీది ‘నాన్నా పులి’ కథ అన్నట్టు మాట్లాడింది. ఆమె వాదన పూర్తిగా తప్పనలేం. కోతలు మొదలైన ఏళ్లలోనూ మొత్తం నేరాలు తగ్గుతూనే వచ్చాయి. 2011 ఆగస్టు అల్లర్లప్పుడు లండన్ వీధుల్లోకి ఒకే రాత్రి 16,000 మందిని దింపగలిగారు కూడా. కానీ తర్వాత కత్తిపోట్లు పెరిగాయి, డిటెక్టివ్‌ల కొరత బయటపడింది. 2017లో వెస్ట్‌మిన్‌స్టర్, మాంచెస్టర్, లండన్ బ్రిడ్జ్ దాడులు వరుసగా జరిగాయి. ఆ జూన్ ఎన్నికల్లో ప్రధానిగా ఉన్న మేను వెంటాడిన ప్రశ్నల్లో పోలీసు కోత ఒకటి. ఆమె మెజారిటీ పోయింది.

2019లో బోరిస్ జాన్సన్ వచ్చి మూడేళ్లలో 20,000 మంది పోలీసులన్నాడు. పోయినవాళ్లు ఎందరో ఇంచుమించు అందరినీ! మాట నిలిచింది. 2023 మార్చికి సంఖ్య 1,49,000 దాటింది. మధ్యలో మానేసినవాళ్ల స్థానాలూ నింపుతూ 45,000 మందికి పైగా చేర్చుకున్నారు. 2010తో పోలిస్తే జనాభా 40 లక్షలకు పైగా పెరిగిందన్న సంగతి పక్కన పెడితే, కాగితం మీద పండగే.

కాగితం పక్కన పెట్టి స్టేషన్‌లోకి వెళ్లి చూడాలి. గ్రాంటులో కొంత సొమ్ము కానిస్టేబుళ్ల సంఖ్యకు ముడిపెట్టారు. అది తగ్గితే డబ్బు ఆగేది. సివిలియన్ల సంఖ్యకు అలాంటి షరతు ఉండేది కాదు. కాబట్టి బడ్జెట్ చాలనప్పుడు చీఫ్ కానిస్టేబుల్ టైపిస్టును పంపేసి, ఎక్కువ జీతం తీసుకునే, ఎన్నో నెలలు శిక్షణ పొందిన కానిస్టేబుల్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఆయన తెలివితక్కువవాడై కాదు, అలా లెక్కవేయమని ఖజానాయే చెప్పింది గనుక. భర్తీ ఆగిన ఏళ్ల గొయ్యి కూడా పూడలేదు. ఈ భర్తీ ముగిసేనాటికి సుమారు మూడో వంతు పోలీసులకు ఐదేళ్ల సర్వీసు లేదు. పదేళ్ల అనుభవంతో పక్కన నిలబడి కేసు ఎలా కట్టాలో చూపించాల్సిన తరాన్ని అసలు చేర్చుకోనే లేదు.

2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం వీధి గస్తీకి 13,000 మందిని అదనంగా ఇస్తానంది. ఈసారి ఆ లెక్కలో కానిస్టేబుళ్లతోపాటు సపోర్ట్ ఆఫీసర్లను, జీతం లేని స్వచ్ఛంద పోలీసులను కూడా కలుపుతారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మెట్రోపాలిటన్ పోలీసు 26 కోట్ల పౌండ్ల లోటు పూడ్చుకోవడానికి పోలీసులు, సిబ్బంది కలిపి 1,700 కొలువులు తగ్గిస్తామని, రాయల్ పార్కుల బృందాన్ని ఎత్తేస్తామని, బడుల్లో ఉండే పోలీసులను వేరే పనికి మారుస్తామని ప్రకటించింది.